ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో ఐదు వారాల స్టెరాయిడ్‌కు ప్రోటీన్ తగ్గకపోతే మందు పనిచేయనట్టేనా?

మీరు రాసింది క్లుప్తంగా: తమ్ముడికి 27 ఏళ్ళు, బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాడు. కాళ్ళ వాపు, మూత్రంలో నురగ. 24 గంటల మూత్రంలో ప్రోటీన్ 6.8 గ్రాములు, రక్తంలో ఆల్బుమిన్ 2.1, క్రియాటినిన్ 1.3. కిడ్నీ బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్, అంటే వడపోత గుత్తుల్లో అక్కడక్కడా మచ్చలు, అని వచ్చింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 60 మి.గ్రా. ఐదు వారాలుగా వేసుకుంటున్నాడు, ప్రోటీన్ ఇంకా 5.9 దగ్గరే ఉంది. మందు పనిచేయనట్టేనా, డయాలసిస్ తప్పదా, తిండి ఎలా పెట్టాలి, చూస్తున్న పెళ్ళి సంబంధాలు ఆపేయాలా, అమ్మాయి తరఫువాళ్ళకు జబ్బు సంగతి చెప్పాలా అన్నది మీ ప్రశ్న.

ఐదు వారాలకే పనిచేయలేదని తేల్చేయకూడదు. పెద్దవాళ్ళలో ప్రైమరీ ఎఫ్‌ఎస్‌జీఎస్‌కు పూర్తి డోసు స్టెరాయిడ్‌ను కనీసం నాలుగు వారాలు, శరీరం తట్టుకుంటే 16 వారాల దాకా ఇచ్చి చూస్తారు. చాలామందిలో తగ్గుదల రెండో నెల తర్వాతే మొదలవుతుంది. డయాలసిస్ సంగతి ఈ అంకెలతో ఇప్పుడు మాట్లాడాల్సింది కాదు. క్రియాటినిన్ 1.3, వయసు 27 అంటే కిడ్నీ వడపోత లెక్క 75కు పైనే వస్తుంది. కానీ అంతకన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: మీ తమ్ముడిది ఏ రకం ఎఫ్‌ఎస్‌జీఎస్? ఆ జవాబు లేకుండా మందు పనిచేసిందా లేదా అన్న చర్చ ముందుకు సాగదు.

ఎందుకంటే ఎఫ్‌ఎస్‌జీఎస్ అనేది ఒక్క జబ్బు పేరు కాదు, మైక్రోస్కోప్ కింద కనబడే ఒక మచ్చ తీరు. కిడ్నీలో లక్షల సంఖ్యలో ఉండే గ్లోమెరులస్ అనే వడపోత గుత్తుల్లో కొన్నింటిలోనే, వాటిలోనూ కొంత భాగమే గట్టిపడి మచ్చ కడుతుంది. దెబ్బ మొదట తగిలేది ఆ గుత్తిని బయటినుంచి పట్టుకుని ఉండే పోడోసైట్ కణాలకు. అవి మళ్ళీ పుట్టే కణాలు దాదాపు కావు. ఊడిపోయిన చోట జల్లెడకు చిరుగు పడినట్టే, ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది, ఆ చోటే తర్వాత మచ్చ పడుతుంది. పోడోసైట్‌ను దెబ్బతీసే కారణాలు చాలా ఉన్నాయి, చివరికి కనబడే మచ్చ మాత్రం ఒకేలా ఉంటుంది. రిపోర్టులో ఆ నాలుగక్షరాలు చూడగానే స్టెరాయిడ్ మొదలుపెట్టడం సరికాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మూడు పెద్ద దారులు ఉన్నాయి. ప్రైమరీలో రక్తంలో తిరిగే ఏదో పదార్థం పోడోసైట్లన్నింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. కొందరిలో నెఫ్రిన్ అనే ప్రోటీన్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు కనబడుతున్నాయి, అది ఇంకా అన్నిచోట్లా చేసే పరీక్ష కాదు. ఈ రకం హఠాత్తుగా మొదలవుతుంది: రెండు మూడు వారాల్లో ఒళ్ళంతా వాపు, ప్రోటీన్ 3.5 గ్రాములు దాటడం, ఆల్బుమిన్ 3 కిందికి పడటం. స్టెరాయిడ్, ఇమ్యూనిటీని అణచే మందులు ఈ రకానికే.

సెకండరీలో కారణం బయట ఉంటుంది. విపరీతమైన బరువు, పుట్టుకతో ఒకే కిడ్నీ, చిన్నప్పుడు మూత్రం వెనక్కి ఎక్కే రిఫ్లక్స్, నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టడం, హెచ్‌ఐవీ, కొన్ని మందులు. ఇక్కడ మిగిలిన గుత్తుల మీద ఒత్తిడి పెరిగి మచ్చలు పడతాయి. తేడా పట్టించే గుర్తు ఒకటుంది: ప్రోటీన్ నాలుగైదు గ్రాములు పోతున్నా ఆల్బుమిన్ 3.5కు పైనే ఉంటుంది, వాపు పెద్దగా ఉండదు, అంతా నెమ్మదిగా, ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఇలాంటివాళ్ళకు స్టెరాయిడ్ ఇస్తే బరువూ షుగరూ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. బెంగళూరు కుర్రాళ్ళ విషయంలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: జిమ్‌లో కండల కోసం ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నాడా? అనబాలిక్ స్టెరాయిడ్లు వాడే బాడీబిల్డర్లలో ఎఫ్‌ఎస్‌జీఎస్ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. అమ్మానాన్నల ముందు అడిగితే లేదనే అంటాడు. అక్కగా మీరు విడిగా అడగండి.

మూడోది జన్యుపరమైనది. ఎన్‌పీహెచ్‌ఎస్2, డబ్ల్యూటీ1, ఐఎన్‌ఎఫ్2, టీఆర్‌పీసీ6 లాంటి జన్యువుల్లో లోపం. మన ఇళ్ళలో మేనరికాలు మామూలు కాబట్టి తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా అన్నది తప్పకుండా చెప్పాలి. ఎన్‌పీహెచ్‌ఎస్2 లాంటి లోపం అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి కలిస్తేనే జబ్బుగా బయటపడుతుంది, మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో చెవుడు, మూత్రంలో రక్తకణాలు, కిడ్నీ చెడిపోవడం ఉంటే ఆల్‌పోర్ట్ వర్గం జబ్బును గుర్తుచేసుకోవాలి. అది బయాప్సీలో అచ్చం ఎఫ్‌ఎస్‌జీఎస్ లాగే కనబడగలదు. జన్యుపరమైన రకానికి స్టెరాయిడ్ సాధారణంగా పనిచేయదు. పరీక్ష రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు, ఫలితానికి వారాలు పడుతుంది. అందరికీ అక్కర్లేదు. స్టెరాయిడ్‌కు లొంగనప్పుడు, కుటుంబ చరిత్ర ఉన్నప్పుడు, కిడ్నీ మార్పిడికి ముందు మాత్రం ఆ డబ్బు దండగ కాదు.

మీరిచ్చిన అంకెల్లో ఆల్బుమిన్ 2.1 ఉంది, కాళ్ళ వాపూ ఉంది కాబట్టి ప్రైమరీ వైపే మొగ్గు కనబడుతోంది. అయితే నా ముందున్నవి మీ నాలుగు లైన్లే. ఖాయం చేయాల్సింది బయాప్సీ.

బయాప్సీ రిపోర్టు మళ్ళీ తీసి చదవండి. మొదట చూడాల్సింది ఎన్ని గ్లోమెరులస్‌లు దొరికాయన్నది. మచ్చ కొన్నింటిలోనే ఉంటుంది కాబట్టి ముక్క చిన్నదైతే జబ్బు దొరక్కుండా పోతుంది. పదింటిలో ఒకదానికే మచ్చ ఉన్న కిడ్నీలో మనకు 10 గ్లోమెరులస్‌లే చిక్కితే, ఒక్కటీ మచ్చది రాకపోయే అవకాశం 35 శాతం. 20 చిక్కితే అది 12 శాతానికి తగ్గుతుంది. ‘మినిమల్ చేంజ్’ (మామూలు మైక్రోస్కోప్ కింద మచ్చ కనబడని రకం) అని రాసిన రిపోర్టు కొన్నాళ్ళకు ఎఫ్‌ఎస్‌జీఎస్‌గా మారడం వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే.

తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చేశారా చూడండి. పోడోసైట్ పాదాలు దాదాపు అంతటా, 80 శాతానికి మించి చదునైపోయి ఉంటే ప్రైమరీ. అక్కడక్కడా మాత్రమే ఉంటే సెకండరీ అనుమానం. ఈ సౌకర్యం అన్ని ల్యాబుల్లో ఉండదు, బయటికి పంపిస్తారు. బయాప్సీ రోజునే చిన్న ముక్కను గ్లూటరాల్డిహైడ్ ద్రవంలో విడిగా పక్కన పెట్టాలి. పెట్టకపోతే ఆశ పూర్తిగా పోయినట్టు కాదు, మైనం దిమ్మలో మిగిలిన కణజాలంతోనూ చేయొచ్చు, నాణ్యత కాస్త తగ్గుతుంది. ఆ దిమ్మలు, స్లైడ్లు ఆస్పత్రిలో భద్రంగానే ఉంటాయి, రెండో అభిప్రాయానికి అడిగితే ఇస్తారు. రిపోర్టు కాగితం ఫొటో పంపి రెండో అభిప్రాయం అడిగేవాళ్ళే ఎక్కువ. దాంతో పెద్ద ప్రయోజనం లేదు, స్లైడు పంపాలి.

మూడోది మచ్చ ఆకారం. టిప్ రకమైతే స్టెరాయిడ్‌కు బాగా లొంగుతుంది. కొలాప్సింగ్ అయితే వేగంగా ముదురుతుంది, వైరస్‌ల కోసం వెతకాలి. పెరిహైలర్ అయితే సెకండరీని ఒకసారి తలచుకోవాలి. ఎన్‌ఓఎస్ అని రాస్తే పై వాటిలో ఏదీ కాని మామూలు రకం, ఎక్కువమందికి వచ్చేది అదే. దీనితోపాటు మధ్యలోని కణజాలంలో ఎంత శాతం మచ్చ, అంటే ఐఎఫ్‌టీఏ ఎంత అని రాశారో చూడండి. 10 శాతం లోపు ఉన్నవాళ్ళకూ 50 శాతం ఉన్నవాళ్ళకూ భవిష్యత్తు ఒకటి కాదు. ఆ 50 శాతాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు.

ఇక ప్రోటీన్ అంకె. 6.8 నుంచి 5.9కు వచ్చింది నిజంగా తగ్గడమా, లేక క్యాన్‌లో మూత్రం తక్కువ పట్టడమా? 24 గంటల సేకరణలో పొరపాటు జరగని ఇల్లు అరుదు. పద్ధతి ఇది: శనివారం ఉదయం లేవగానే వచ్చే మూత్రం పారబోయాలి, ఆ సమయం రాసుకోవాలి. అప్పటినుంచి ప్రతి చుక్కా క్యాన్‌లోకే, ఆదివారం ఉదయం అదే సమయానికి వచ్చిన మొదటి మూత్రంతో సహా. ఆఫీసు రోజుల్లో మొదలుపెడితే మధ్యాహ్నంది కచ్చితంగా పోతుంది, అందుకే వారాంతం. అదే క్యాన్‌లో క్రియాటినిన్ కూడా కొలవమని ల్యాబుకు చెప్పండి. కుర్రాడైన మగవాడికి కిలోకు సుమారు 20 మి.గ్రా. రావాలి, అంటే 62 కిలోలకు 1,200 పైచిలుకు. 600 వచ్చిందంటే సగం బాత్రూమ్ పాలైంది, ఆ ప్రోటీన్ అంకెను నమ్మకూడదు.

ప్రతి నెలా క్యాన్ మోయనక్కర్లేదు. ఉదయం మొదటి మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చాలు. కాకపోతే ఒక ల్యాబు 4.2 అని ఇస్తుంది, ఇంకోటి 4,200 అని ఇస్తుంది. రెండూ ఒకటే, యూనిట్లు వేరు. దీన్ని చూసి జబ్బు వెయ్యి రెట్లు పెరిగిందని రాత్రంతా ఏడ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకుంటే ఈ గొడవ ఉండదు. నురగను చూసి నిర్ణయాలు వద్దు, అది మూత్రం ఎంత చిక్కగా ఉంది, ఎంత ఎత్తునుంచి పడింది అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది.

దేన్ని మెరుగుదల అనాలి? ప్రోటీన్ 0.3 గ్రాముల లోపుకు వచ్చి, ఆల్బుమిన్ 3.5 దాటి, క్రియాటినిన్ నిలకడగా ఉంటే పూర్తి రెమిషన్, అంటే జబ్బు పూర్తిగా అణిగినట్టు. మొదటి అంకెలో సగానికి పైగా తగ్గి, 3.5 గ్రాముల లోపుకు దిగితే పాక్షికం. పాక్షికం కూడా గెలుపే. ఈ మాట అందరికీ చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే 1.5 గ్రాముల దగ్గర నిలిచిపోయినవాళ్ళు నిరాశతో మందులు మానేస్తారు. ఏ స్పందనా లేక నెఫ్రోటిక్ స్థాయిలోనే, అంటే ప్రోటీన్ 3.5 గ్రాముల పైనే ఉండిపోయినవాళ్ళలో సగం మంది దాకా 5 నుంచి 10 ఏళ్ళలో కిడ్నీ కోల్పోతారు. పూర్తి రెమిషన్ వచ్చినవాళ్ళలో అత్యధికులకు పదేళ్ళ తర్వాతా కిడ్నీ నిలుస్తుంది, పాక్షికం వచ్చినవాళ్ళు మొదటివాళ్ళకన్నా వీళ్ళకే దగ్గరగా ఉంటారు.

డోసు విషయం. లెక్క కిలోకు 1 మి.గ్రా., గరిష్ఠం రోజుకు 80. కిలోలు అంటే వాపు లేనప్పటి బరువు. ఇప్పుడు 70 తూగుతూ మామూలుగా 62 ఉండే మనిషైతే 60 మి.గ్రా. సరైన డోసే. ఉదయం టిఫిన్ అయ్యాక ఒకేసారి వేసుకోవాలి, రాత్రికి సగం దాచుకుంటే నిద్ర పట్టదు. షుగర్ చూసేటప్పుడు ఖాళీ కడుపు పరీక్ష ఒక్కటే చూసి బాగుందనుకోవద్దు. ఉదయం వేసిన ప్రెడ్నిసొలోన్ షుగర్‌ను మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది, తెల్లారేసరికి దించేస్తుంది. మధ్యాహ్న భోజనం తర్వాత రెండు గంటలకు చూడాలి. ముఖం ఉబ్బింది, మొటిమలు వచ్చాయి అని ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదం. వారాల తరబడి వాడాక హఠాత్తుగా ఆపితే అడ్రినల్ గ్రంథి అందుకోలేక బీపీ పడిపోయి అత్యవసర విభాగానికి వెళ్ళాల్సి వస్తుంది.

స్టెరాయిడ్‌కు ముందే హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే చేశారా కనుక్కోండి. చేయకపోతే ఈ వారం చేయించండి, మన దేశంలో నిద్రపోతున్న టీబీని స్టెరాయిడ్ లేపుతుంది. న్యూమోకాకల్, ఫ్లూ టీకాలు వేయించొచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు ఈ దశలో వద్దు. పీజీలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే, ఇతనికి అంతకుముందు రాకపోతే, ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. దద్దుర్లు వచ్చేదాకా ఆగకూడదు.

ఎనిమిది, పన్నెండు వారాలకూ కదలిక లేకపోతే? లేక షుగర్, మానసిక ఇబ్బంది, ఎముకల సమస్య వల్ల స్టెరాయిడ్ మోయలేకపోతే? అప్పుడు ఇమ్యూనిటీని అణచే టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్. అంతా బాగుంటే 16 వారాలు చూడొచ్చు, కానీ ప్రోటీన్ అంగుళం కూడా కదలని మనిషిని 16 వారాలూ 60 మి.గ్రా. మీద ఉంచడం నాకు ఇష్టం ఉండదు, ముందే మారుస్తాను. మారేముందు జన్యు పరీక్ష గురించి మాట్లాడుకోవాలి. 1999లో ప్రచురితమైన ఉత్తర అమెరికా ట్రయల్‌లో, స్టెరాయిడ్‌కు లొంగనివాళ్ళకు 26 వారాలు సైక్లోస్పోరిన్ ఇస్తే 70 శాతం మందికి పూర్తిగానో పాక్షికంగానో తగ్గింది. ఆపాక చాలామందికి తిరగబెట్టింది కూడా. అందుకే ఇప్పుడు స్పందన వస్తే కనీసం ఏడాది కొనసాగించి, ఆ తర్వాతే మెల్లగా దించుతారు. పనిచేయలేదని అనడానికి ఆరు నెలలైనా ఇవ్వాలి.

టాక్రోలిమస్ డోసు కిలోకు 0.05 నుంచి 0.1 మి.గ్రా., రోజుకు రెండు పూటలుగా, 12 గంటల తేడాతో. రక్తంలో స్థాయి 5 నుంచి 10 మధ్య ఉండాలి. ఈ పరీక్షకు రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే మర్నాడు 9కి రక్తం, ఆ వెంటనే మాత్ర. మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళమనండి. సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని 11కి ల్యాబు చేరితే అంకె కాస్త తక్కువ చూపిస్తుంది. ఇంట్లో మాత్ర మింగి బయల్దేరితే ఎంతో ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్ దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసేవాళ్ళను పిలిపించుకుంటే ఈ తలనొప్పి లేదు.

కంపెనీ మార్చొద్దు. మందుల షాపులో స్టాకు లేదని వేరే బ్రాండ్ అంటగడితే తీసుకునేముందు డాక్టర్‌ను అడగాలి, మార్చితే స్థాయి మళ్ళీ చూడాలి. ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్, డిల్టియజెమ్ స్థాయిని పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ పాతాళానికి దించుతాయి. పండ్లలో గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస వద్దు. దేవనహళ్ళి పంపరపనసకు భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడివాళ్ళు చక్కోత అంటారు, విమానాశ్రయం దారిలో దొరుకుతుంది. ఈ మందుల మీద ఉన్నంత కాలం దాని రుచి మరిచిపోవాల్సిందే. కమలా, బత్తాయిలతో ఆ ఇబ్బంది లేదు, పొటాషియం ఎక్కువ లేకపోతే తినొచ్చు.

ఏ రకమైనా సరే, ఏ దశలోనైనా సరే, అందరికీ వర్తించే మందు టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందుల్లో ఒకటి. రెండు కలిపి వేయరు. బీపీ మామూలుగా ఉన్నా ఇస్తారు, ప్రోటీన్ తగ్గించడానికి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారు పడి ఆపకూడదు, మందు పనిచేసే తీరే అది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేసి దీన్నీ నీటి మాత్రనూ (వాపు దింపడానికి మూత్రం ఎక్కువ పోయించేది) తాత్కాలికంగా ఆపాలి. డపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. ఈమధ్య చాలామందికి జతచేస్తున్నారు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో దానికి మంచి ఆధారం ఉంది, ఎఫ్‌ఎస్‌జీఎస్ ఒక్కదానిలో విడిగా చూస్తే ఆధారం బలం తక్కువ. స్పార్సెంటాన్ అనే మందు 2023లో వెలువడిన డ్యూప్లెక్స్ ట్రయల్‌లో ప్రోటీన్‌ను బాగా తగ్గించింది, కానీ వడపోత తగ్గే వేగంలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. వాట్సాప్‌లో కొత్త మందు వచ్చిందని తిరిగే సందేశాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

తిండిలో నేను పట్టుబట్టేది ఉప్పు ఒక్కటే. రోజుకు 5 గ్రాములు, అంటే అన్ని వంటల్లో కలిపి ఒక చిన్న చెంచాడు. ఇంట్లో తేల్చుకోవడానికి సులువైన లెక్క: నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతుంటే తలా 8 గ్రాములు దాటుతోంది, పచ్చళ్ళు, అప్పడాలు, బయటి తిండి అందులో కలపనేలేదు. పీజీలో ఉన్నవాడికి ఈ లెక్క కుదరదు. వాడికి 24 గంటల మూత్రంలో సోడియం రాయించండి: ప్రతి 17 యూనిట్లకు ఒక గ్రాము ఉప్పు తిన్నట్టు. 200 వస్తే దాదాపు 12 గ్రాములు, ఇక ఏ నీటి మాత్ర వేసినా వాపు దిగదు, టెల్మిసార్టాన్ కూడా సగం పనే చేస్తుంది. ఆంధ్రా మెస్సులో పప్పు, కూర, రసం తర్వాత ఆవకాయ, ఊరమిరపకాయలు, పైన గడ్డపెరుగులో మళ్ళీ ఉప్పు. అక్కడ ఒక్క పూట తింటే రోజు కోటా దాటిపోతుంది. వీలైతే రెండు మూడు నెలలు ఇంటి వంట ఏర్పాటు చేయండి. లో సోడియం ఉప్పు అని అమ్మేది కొనొద్దు, అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, టెల్మిసార్టాన్, టాక్రోలిమస్‌లతో కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

ప్రోటీన్ పోతోంది కదా అని డబ్బాల కొద్దీ ప్రోటీన్ పౌడర్ పట్టించకండి. ఎక్కువ తింటే ఎక్కువ పోతుంది, మచ్చకు ఒత్తిడి పెరుగుతుంది. కిలోకు 0.8 నుంచి 1 గ్రాము, 62 కిలోలకు 50 నుంచి 60 గ్రాములు చాలు. రెండు పూటలా పప్పు, రెండు గుడ్లు, పెరుగుతో దాదాపు దగ్గరికి వస్తుంది. కిడ్నీ కడిగినట్టవుతుందని రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు తాగించడమూ వద్దు. వాపు ఉన్నప్పుడు దాహానికి తగినంతే.

ఉదయం బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు, ఒకే మెషీన్ మీద బరువు చూసి రాసుకోమనండి. వాపు దింపేటప్పుడు రోజుకు అర కిలో నుంచి కిలో తగ్గాలి, అంతకన్నా వేగంగా దింపితే రక్తం చిక్కబడి గడ్డకడుతుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. నీటి మాత్ర వేళను ఆఫీసు క్యాబ్ వేళ చూసుకుని పెట్టుకోవచ్చు, రెండో డోసు మధ్యాహ్నం మూడు దాటకుండా ఉంటే చాలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర ఇరుక్కోవాల్సినవాడు మాత్ర మానేయడానికి అసలు కారణం చాలాసార్లు అదే, డాక్టర్‌కు మాత్రం మరిచిపోయానని చెబుతాడు.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సినవి: ఒక్క కాలే హఠాత్తుగా ఉబ్బి నొప్పెట్టడం, ఊపిరాడకపోవడం, నడుము పక్కన నొప్పితో మూత్రం ఎర్రగా రావడం. ఆల్బుమిన్ 2.5 లోపు ఉన్నవాళ్ళకు రక్తం గడ్డలు కట్టే ముప్పు ఎక్కువ. పొట్టలో నీరున్నవాళ్ళకు కడుపునొప్పి, జ్వరం కలిసి వచ్చినా అంతే. స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు జ్వరం తక్కువే చూపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెద్దదే ఉండొచ్చు.

నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ ముట్టుకోకూడదు. పారాసిటమాల్ సరిపోతుంది. బంధువులు చెప్పిన భస్మాల మాటకొస్తే, పాదరసం కలిసిన సంప్రదాయ మందుల వల్లే నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చినవాళ్ళను వెల్లూరు సీఎంసీ వైద్యులు గుర్తించి ప్రచురించారు. అది వేరే రకం, మెంబ్రేనస్. కానీ ఇప్పటికే చిరిగిన వడపోత మీద దాన్ని ప్రయోగించాల్సిన పని లేదు.

ఖర్చు సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. విక్టోరియా ఆస్పత్రి ఆవరణలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రో-యూరాలజీ కిడ్నీ జబ్బులకే ఉన్న ప్రభుత్వ సంస్థ. ఓపీకి ఉదయాన్నే వెళ్ళాలి, పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకుని వెళ్తే సగం సమయం మిగులుతుంది. ఒక కాగితం మీద నాలుగు వరసలు గీసి తేదీ, ప్రోటీన్, ఆల్బుమిన్, క్రియాటినిన్ రాసి తీసుకెళ్ళండి. 40 పేజీల ఫైలు కన్నా డాక్టర్‌కు అదే ఎక్కువ ఉపయోగం.

మార్పిడి గురించి ఒక్క మాట, అది ఇప్పటి విషయం కాకపోయినా. ప్రైమరీ రకం కొత్త కిడ్నీకీ తిరిగి రావచ్చు, సుమారు ముగ్గురిలో ఒకరికి. కొందరిలో ఆపరేషన్ అయిన గంటల్లోనే ప్రోటీన్ పోవడం మొదలవుతుంది, ప్లాస్మా మార్పిడితో అదుపు చేస్తారు. జన్యుపరమైన రకం తిరిగి రావడం చాలా తక్కువ, అయితే అప్పుడు కిడ్నీ ఇచ్చే అమ్మకో, అన్నకో, మీకో అదే లోపం లేదని ముందే చూడాలి. రకం తేల్చడం పదేళ్ళ తర్వాతి నిర్ణయానికి కూడా పనికొచ్చేది ఇలాగే.

పెళ్ళి. ఆపాల్సిన పని లేదు, ఈ ఆరు నెలలు వాయిదా వేయడం మంచిది. స్టెరాయిడ్ పూర్తి డోసు మీద ముఖమూ మనసు తీరూ మారిపోయి ఉన్నప్పుడు ఎవరూ సంబంధం మాట్లాడుకోలేరు, పైగా జబ్బు ఎటు వెళ్తుందో అప్పటికి తెలుస్తుంది. జన్యు పరీక్ష చేయిస్తే ఫలితం వచ్చాక మాట్లాడుకోండి, మేనమామ కూతురినో అత్త కూతురినో అనుకుంటుంటే మరీ ముఖ్యం. ఇమ్యూనిటీని అణచే ఇంకో మందు సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వాలనే మాట ఎవరైనా ఎత్తితే, అది వీర్యకణాలను దెబ్బతీస్తుంది కాబట్టి ముందుగా భద్రపరచుకునే విషయం అడగాలి. స్టెరాయిడ్‌కు లొంగని ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో దానివల్ల ప్రయోజనమూ తక్కువే. ఇదే జబ్బున్న అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే: టెల్మిసార్టాన్, రామిప్రిల్ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి. మైకోఫినోలేట్ (ఇదీ ఇమ్యూనిటీని అణచేదే) గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపాలి. టాక్రోలిమస్, తక్కువ డోసు ప్రెడ్నిసొలోన్ కొనసాగించొచ్చు. పెళ్ళి కుదిరిన రోజే మీ నెఫ్రాలజిస్టుకు చెప్పండి, నెల తప్పాక కాదు. అమ్మాయి తరఫువాళ్ళకు జబ్బు సంగతి చెప్పాలా అని మీరు మొహమాటంగా అడిగారు. చెప్పాలి. రోజూ మాత్రలు, మూడు నెలలకోసారి మూత్ర పరీక్ష, ఉప్పు లేని కూర ఉన్న ఇంట్లో దాచడం ఎలాగూ కుదరదు.